ఒక్క పేరుతో మొదలుపెట్టండి: క్రీస్తు నేర్పిన ప్రేమను ఆచరణలో పెట్టడం ఎలా

నాలుగేళ్ళపాటు నేనూ మా అన్నయ్యా ఒకే మందిరంలో కూర్చున్నాం, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందాం, ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాన్నగారు పోయాక ఇంటి పంపకం దగ్గర మొదలైన గొడవ అది. అదే నాలుగేళ్ళలో నేను సండే స్కూలు పిల్లల చేత మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం కంఠస్థం చేయించాను. తప్పు లేకుండా అప్పజెప్పిన వాళ్ళకు బహుమతులు కూడా ఇచ్చాను. "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని పిల్లలు నా ఎదుట నిలబడి చెబుతుంటే, ఆ మాటకూ రెండు వరుసల ముందు కూర్చున్న మనిషికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

ప్రేమ గురించి వాక్యం ఏం చెబుతుందో నాకు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ దారి ఆలస్యంగా, తడబడుతూ నేర్చుకున్నాను కాబట్టి, నేను నేర్చుకున్న వరుసలోనే మీకు చెబుతాను. కావలసినవి మూడే: ఒక బైబిలు, ఒక చిన్న నోటు పుస్తకం, ఒక మనిషి పేరు. కనీసం ఆరు వారాలు పడుతుందనుకుని మొదలుపెట్టండి. అడుగులు ఈ క్రమంలోనే వేయండి. రెండో అడుగును దాటేసి నేరుగా సహాయం చేయడానికి పరుగెత్తిన రోజుల్లో నేను త్వరగా అలసిపోయాను, నేను చేసిన మేలును గుర్తించని మనుషుల మీద కోపం తెచ్చుకున్నాను.

మొదటి అడుగు: మాటకు అర్థం సరిచూసుకోండి

వాడుకలో ప్రేమ అంటే మనసులో పుట్టే ఇష్టం. పుడితే ఉన్నట్టు, చల్లారితే పోయినట్టు. ఈ అర్థంతోనే "నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞను చదివితే దారి మూసుకుపోతుంది. ఇష్టపడమని ఎవరైనా ఎవరినైనా ఆజ్ఞాపించగలరా?

కొత్త నిబంధన గ్రీకు భాషలో రాసినది. ఆ భాషలో ప్రేమకు ఎరోస్, ఫిలియా, స్టోర్గే, అగాపే వంటి పదాలున్నాయి. స్త్రీపురుషుల ఆకర్షణకు వాడే ఎరోస్ కొత్త నిబంధనలో ఎక్కడా కనిపించదు. ఎక్కువగా కనిపించేది అగాపే. అందుకే చాలా ప్రసంగాల్లో అగాపే అంటేనే దైవప్రేమ అని వింటాం. నేనూ కొన్నేళ్ళు అలాగే బోధించాను. ఒకరోజు రెండో తిమోతి పత్రికలో, పౌలు తోటి పనివాడైన దేమా గురించిన మాట దగ్గర ఆగాను. "దేమా యిహలోకమును స్నేహించి నన్ను విడిచి" వెళ్ళాడని పౌలు బాధపడతాడు. అక్కడ "స్నేహించి" అన్నచోట గ్రీకులో ఉన్నది అగాపేకు సంబంధించిన క్రియే. పవిత్రత ఆ పదంలో లేదన్నమాట. ఆ పదానికి క్రైస్తవ అర్థం మరొకచోటి నుంచి వచ్చింది.

ఎక్కడి నుంచో యోహాను తన మొదటి పత్రిక 3వ అధ్యాయం 16వ వచనంలో చెప్పాడు: "ఆయన మనకొరకు తన ప్రాణము పెట్టెను గనుక దీనివలన ప్రేమ ఎట్టిదని తెలిసికొనుచున్నాము." ప్రేమను నిర్వచించమంటే యోహాను సిలువ వైపు వేలు చూపించాడు. ఆ వెంటనే, తరువాతి వచనంలోనే, బతకడానికి తగినంత ఉండి కూడా లేమిలో ఉన్న సహోదరుణ్ణి చూసి కనికరించని మనిషిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని అడిగాడు. సిలువకూ అవసరంలో ఉన్న మనిషికీ మధ్య ఆయన ఒక్క వచనం ఎడం కూడా ఉంచలేదు. ఎదుటి మనిషికి మేలు జరగాలని కోరి, ఆ మేలు కోసం మన సొంతదాన్ని ఖర్చుపెట్టడం: నేను అర్థం చేసుకున్నంతలో క్రైస్తవ ప్రేమ ఇది. దీన్ని ఆజ్ఞాపించవచ్చు, దీనికి లోబడవచ్చు. ఇష్టం తోడైతే సంతోషమే. అది వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు.

ఇప్పుడు 1 కొరింథీయులకు 13వ అధ్యాయం 4 నుంచి 7 వచనాలు తీయండి. పెళ్ళిళ్ళలో ఎన్నోసార్లు వినడం వల్ల ఈ మాటలు చెవికి మెత్తగా తగులుతాయి. పౌలు వీటిని రాసింది పెళ్ళి కోసం కాదు, కొట్లాడుకుంటున్న సంఘం కోసం. కొరింథు విశ్వాసులు బోధకుల పేర్లతో వర్గాలయ్యారు, ఒకరి మీద ఒకరు న్యాయస్థానానికి వెళ్ళారు, ప్రభువు రాత్రి భోజనంలో కొందరు ఆకలితో ఉండగా కొందరు మత్తులయ్యారు. "ఉప్పొంగదు" అన్న మాటను చూడండి. అంతకుముందు అధ్యాయాల్లో వాళ్ళు ఉప్పొంగుతున్నారని పౌలు పదేపదే హెచ్చరించాడు. వాళ్ళు ఏది చేస్తున్నారో ప్రేమ అది చేయదని ఒక్కొక్కటిగా చెప్పాడు.

గ్రీకులో ఆ నాలుగు వచనాల్లో ప్రేమను వివరించేవి పదిహేను క్రియలు. ప్రేమ అందమైనదనో గొప్పదనో కాకుండా, ఏం చేస్తుందో ఏం చేయదో చెప్పాడు. వాటిలో ఎనిమిది "చేయదు" అన్నవే. నోటు పుస్తకం మొదటి పేజీలో ఆ పదిహేనింటినీ పదిహేను వరుసలుగా రాసుకోండి. తరువాత అవసరమవుతాయి.

రెండో అడుగు: ఇవ్వడానికి ముందు పుచ్చుకోండి

"ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అన్నాడు యోహాను. ఈ వాక్యంలో "గనుక" చాలా ముఖ్యం. అది లేకపోతే మనం చేసేదంతా సొంత బలంతో చేసే దయాకార్యాలే అవుతాయి, సొంత బలం తొందరగా అయిపోతుంది.

పుచ్చుకోవడం తేలిక అనుకుంటాం గాని, పేతురుకు అది ఎంత కష్టమైందో యోహాను సువార్త 13వ అధ్యాయంలో చూడండి. ప్రభువు తువ్వాలు కట్టుకుని పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడుగుతుంటే పేతురు ఒప్పుకోలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అని యేసు అన్నాకే లొంగాడు. సేవ చేయడానికి ముందుకొచ్చేవాళ్ళలో చాలామంది సేవ అందుకోవడానికి సిగ్గుపడతారు. మీరూ ఆ కోవకు చెందినవాళ్ళయితే ఈ అడుగు దగ్గర ఎక్కువ రోజులు ఆగండి.

చేయవలసింది ఇది. ఏడు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు కూర్చుని దేవుడు మీకు ఏమేం క్షమించాడో రాయండి. "నా పాపాలన్నీ" అని గుండుగుత్తగా రాయకండి. ఫలానా అబద్ధం, ఫలానా అసూయ, ఫలానా మనిషిని అవసరంలో వదిలేయడం, అలా విడివిడిగా రాయండి. మరెవరూ చూడనవసరం లేదు. ఏడో రోజున మత్తయి 18వ అధ్యాయంలోని అప్పుల ఉపమానం చదవండి. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చి ఉన్నాడు. దేనారం ఆ రోజుల్లో ఒక కూలివాడి దినవేతనం. తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన అతని అప్పు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల సంవత్సరాలు కావాలి. తీరే అప్పు కాదని వినేవాళ్ళకు వెంటనే అర్థం కావాలనే ప్రభువు అంత పెద్ద సంఖ్య చెప్పాడు. రాజు దాన్ని పూర్తిగా కొట్టేశాడు. ఆ దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు.

నూరు దేనారాలు కూడా చిన్న మొత్తం కాదు. మూడు నెలల పైచిలుకు కూలి. మనకు జరిగిన అన్యాయం ఏమీ కాదని ప్రభువు అనలేదు. మనకు కొట్టివేసిన అప్పు పక్కన పెట్టి దాన్ని చూడమన్నాడు. మీరు ఏడు రోజులు రాసిన పేజీలు ఆ చూపు కోసమే.

మూడో అడుగు: ఒక్క పేరు రాయండి

ధర్మశాస్త్రోపదేశకుడు యేసును "నా పొరుగువాడెవడు?" అని అడిగాడు. నేను ప్రేమించవలసినవాళ్ళ జాబితా ఎక్కడ ముగుస్తుందో చెప్పమని ఆ ప్రశ్న. జవాబుగా ప్రభువు మంచి సమరయుడి కథ చెప్పాడు. దొంగలు కొట్టి వదిలేసిన మనిషిని యాజకుడూ లేవీయుడూ చూసి దాటిపోతే, సమరయుడు ఆగి ఆదుకున్నాడు. కథ ముగించి ప్రశ్ననే మార్చి తిరిగి అడిగాడు: ఆ ముగ్గురిలో దొంగల చేతిలో పడ్డవాడికి ఎవడు పొరుగువాడాయెను? జాబితా అవసరం లేకుండా పోయింది. దారిలో పడి ఉన్న ఒక్క మనిషి మిగిలాడు.

కాబట్టి ఒక్క పేరు రాయండి. రోజూ లేదా వారానికి ఒకసారైనా మీకు ఎదురయ్యే మనిషి అయి ఉండాలి. దూరదేశంలో కష్టపడుతున్నవాళ్ళ కోసం కానుక పంపడం మంచిదే, పంపండి. ఈ సాధన మాత్రం కంటికి కనిపించే మనిషితోనే చేయండి, తాను చూచిన సహోదరుని ప్రేమించనివాడు చూడని దేవుని ప్రేమించలేడని యోహాను అన్నాడు కదా.

ఒక జాగ్రత్త. మిమ్మల్ని అందరికంటే ఎక్కువగా గాయపరిచిన మనిషి పేరు మొదటిసారే రాయకండి. నేను అన్నయ్య పేరు రాయలేదు. మా మందిరంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆరాధన ముగియగానే ఎవరో ఒకరి చేయి పట్టుకుని అరగంటసేపు తన ఆరోగ్యం గురించి చెప్పేవారు. ఆయన ఎడమ వైపు తలుపు దగ్గర నిలబడితే నేను కుడి వైపు నుంచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన పేరు రాశాను.

నాలుగో అడుగు: ఆ పేరుతో ప్రార్థించండి

రెండు వారాలు, రోజూ ఒకే సమయంలో ఆ మనిషి కోసం ప్రార్థించండి. ఎలా ప్రార్థించాలన్నది ఇక్కడ ముఖ్యం. "ప్రభువా, ఆయన్ను మార్చు" అన్న ప్రార్థనతో మొదలుపెడితే, మనకు కలుగుతున్న ఇబ్బంది గురించే దేవునితో మాట్లాడుతున్నట్టు. ఆ మనిషి ఈ ఉదయం దేనికి భయపడుతూ లేచి ఉంటాడో, ఏ నొప్పితో పడుకుని ఉంటాడో, ఎవరి ఫోను కోసం చూస్తుంటాడో ఊహించి, వాటి కోసం అడగండి. ఆ మనిషి జీవితం గురించి మీకేమీ తెలియదని రెండో రోజుకే బయటపడవచ్చు. తెలియనిదాన్ని నోటు పుస్తకంలో ప్రశ్నగా రాసుకోండి. తరువాతి అడుగుకు అదే ఆధారం.

ఆ పెద్దాయన భార్య పేరు నాకు తెలియదని మూడో రోజున గ్రహించాను. ఆమె చనిపోయినప్పుడు సమాధి కార్యక్రమానికి వెళ్ళినవాణ్ణి నేను.

ఐదో అడుగు: చేతితో చేసే ఒక పని

సమరయుడి కథలో క్రియలను వరుసగా లెక్కపెట్టండి. చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరికి పోయాడు, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ళవాని ఇంటికి తీసుకెళ్ళి పరామర్శించాడు, మరునాడు రెండు దేనారాలు ఇచ్చాడు. యాజకుడూ లేవీయుడూ కూడా చూశారు. కథ తిరిగిన మలుపు "దగ్గరికి పోయి" అన్న చోట ఉంది. యెరూషలేము నుంచి యెరికోకు దారి దాదాపు 27 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 1,000 మీటర్లు తగ్గుతూ నిర్జనమైన కొండల మధ్య దిగుతుంది. అటువంటి చోట ఆగడమంటే తానూ దొంగల చేతిలో పడే ప్రమాదానికి ఒప్పుకోవడమే.

ఇదే కథలో మరొకటి నాకు చాలా ఆలస్యంగా కనిపించింది. మరునాడు సమరయుడు వెళ్ళిపోయాడు. తన ప్రయాణం మానుకోలేదు, ఆ మనిషి కోలుకునేదాకా మంచం పక్కన కూర్చోలేదు. తగిన మనిషికి అప్పగించి, ఖర్చు ఇచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు. ప్రేమించడమంటే ఒక మనిషి భారం మొత్తం మీ ఒక్కరి భుజాల మీదే వేసుకోవడమని భయపడేవాళ్ళు ఈ వచనాన్ని మళ్ళీ చదవండి.

పని చిన్నదిగా ఎంచుకోండి, కానీ ఫలానా రోజున చేసి ముగించగలిగేదిగా ఉండాలి. "ఇకనుంచి ఆప్యాయంగా ఉంటాను" అన్నది పని కాదు. "గురువారం సాయంత్రం వెళ్ళి గంటసేపు కూర్చుంటాను" అన్నది పని. వస్త్రాలు లేని, ఆహారం లేని సహోదరుడితో "చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపితే ప్రయోజనమేమిటని యాకోబు అడిగాడు. ప్రార్థిస్తానని చెప్పి, అక్కడితో మరిచిపోయే మన అలవాటుకు ఆ మాట నేరుగా తగులుతుంది. ఎదుటివారికి ఏం కావాలో తెలియకపోతే అడగండి. గుడ్డివాడైన బర్తిమయిని కూడా యేసు "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని అడిగాడు.

కొన్నిసార్లు కావలసింది మీ చెవులే. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నాడు పౌలు. ఏడ్చేవారికి ఉపదేశించమని అక్కడ లేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతనితో మౌనంగా కూర్చున్నంతసేపూ సరిగ్గానే ప్రేమించారు. నోరు తెరిచాక చెడింది. ఒక ఆదివారం నేను ఎడమ తలుపు వైపు వెళ్ళి, గడియారం చూడకుండా ఆ పెద్దాయన పక్కన కూర్చున్నాను. వారం మొత్తంలో ఆయనతో మనిషన్నవాడు మాట్లాడేది ఆ ఒక్కరోజేనని అప్పుడు తెలిసింది. భార్య పేరు అడిగాను. ఆ రోజు తన ఆరోగ్యం ఊసే ఎత్తలేదాయన.

చేసిన పని ఎవరికీ చెప్పకండి. సంఘంలో సాక్ష్యంగా కూడా చెప్పవద్దు, కొంతకాలం గడిచేదాకా.

ఇలాంటి చిన్న పనులు చాలామంది కలిసి, చాలాకాలం చేస్తే లోకం గమనిస్తుంది. 361 నుంచి 363 వరకు రోమా సామ్రాజ్యాన్ని ఏలిన జూలియన్ చక్రవర్తి క్రైస్తవ విశ్వాసాన్ని విడిచి పాత దేవతారాధనను నిలబెట్టాలని చూశాడు. ఆ పనిలో తన యాజకుడికి రాసిన లేఖలో, ఈ గలిలయులు (క్రైస్తవులను అతడు అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. మన పూర్వికుల ప్రేమకు వాళ్ళను ద్వేషించినవాడే సాక్షి అయ్యాడు.

ఆరో అడుగు: లెక్కల పుస్తకం మూసేయండి

ఇది అన్నిటికంటే కష్టమైనది. నేను ఎక్కువకాలం ఆగిపోయింది కూడా ఇక్కడే.

"అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్నచోట పౌలు వాడిన గ్రీకు క్రియ లెక్కలు రాసేవాళ్ళు వాడేది. ఫలానా తేదీన ఫలానా మొత్తం అని ఖాతాలో రాయడానికి పనికొచ్చే మాట. ప్రేమ అపకారాన్ని ఖాతాలో రాసిపెట్టదని అర్థం. మనసులో ఖాతా ఉన్నప్పుడు అది మనకు కనిపించదు. కాబట్టి ఒక్కసారి కాగితం మీదికి తీయండి. నోటు పుస్తకంలో ఇప్పుడు రెండో పేరు రాయండి, ఈసారి మీరు తప్పించుకుంటున్న ఆ పేరు. దాని కింద ఆ మనిషి మీకు చేసినవన్నీ దాచకుండా, పెంచకుండా రాయండి. జరిగింది జరిగినట్టు చెప్పుకోకుండా క్షమించడం కుదరదు. మనం పేరు పెట్టని తప్పును ఎలా కొట్టివేస్తాం?

ఆ తరువాత ఎదుటి పేజీలో మీరు ఆ మనిషికి చేసినవి రాయండి. అన్నయ్య పేజీ నాకు ఒక్క సాయంత్రంలో నిండింది. నా పేజీలో మొదటి రోజు ఒక్క వరుస కూడా పడలేదు. మూడు రోజులు ప్రార్థించాక పడింది. ఆయన జ్వరంతో ఉన్నాడని తెలిసి కూడా వెళ్ళలేదని రాశాను. నలుగురిలో ఆయన మాట వచ్చినప్పుడు నేను మౌనంగా ఉండి, ఆ మౌనంతోనే ఆయన్ను దోషిగా నిలబెట్టానని రాశాను. తరువాత ఆ పేజీ కూడా నిండింది.

ఇప్పుడు దేవుని ఎదుట ఆ మనిషి తప్పుల పేజీలోని ఒక్కొక్క వరుసను చదివి "ఇది నేను వసూలు చేయను" అని పైకి చెప్పండి. చెప్పి కొట్టివేయండి. మనసు ఒప్పుకోవడం లేదనిపిస్తే ఆగకండి. కోరీ టెన్ బూమ్ అనే డచ్చి స్త్రీ అనుభవం ఇక్కడ చెప్పాలి. యూదులను ఇంట్లో దాచినందుకు ఆమెను, ఆమె అక్క బెట్సీని, తండ్రిని 1944 ఫిబ్రవరిలో నాజీలు అరెస్టు చేశారు. తండ్రి పది రోజులకే చనిపోయాడు. రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో ఆ డిసెంబరులో బెట్సీ చనిపోయింది. 1947లో మ్యూనిక్ నగరంలోని ఒక మందిరంలో కోరీ క్షమాపణ గురించి మాట్లాడి ముగించాక, ఆ శిబిరంలో కాపలాదారుగా ఉన్నవాడే వచ్చి చేయి చాపాడు. తన చేయి లేవలేదని ఆమె దాచకుండా చెప్పింది. మనసులో ఏ ఆప్యాయతా లేదు. యేసూ, సహాయం చేయి, చేయి ఎత్తడం వరకు నేను చేయగలను, మిగతాది నువ్వే ఇవ్వాలి అని లోలోపల ప్రార్థించి యాంత్రికంగా చేయి అందించింది. ప్రేమ ఆ తరువాత వచ్చిందని సాక్ష్యమిచ్చింది. ముందు చేయి, తరువాత హృదయం. నాకు ఆ క్రమం ఎంతో ధైర్యమిచ్చింది.

కొట్టివేసినవి మళ్ళీ గుర్తుకొస్తాయి. మరునాడే రావచ్చు. క్షమించలేదేమోనని బెంగపడకండి. "ఇది కొట్టివేశాను" అని మళ్ళీ చెప్పండి. డెబ్బది ఏళ్ళ మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించమని ప్రభువు పేతురుతో అన్నది అన్ని కొత్త తప్పులకే కాదు, మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చే ఒకే తప్పుకు కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

ఏడో అడుగు: వెళ్ళి మాట్లాడండి

బలిపీఠం దగ్గర కానుక అర్పిస్తూ, నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే విడిచి వెళ్ళమన్నాడు ప్రభువు, మత్తయి 5లో. నీ సహోదరుడు నీ యెడల తప్పు చేస్తే నీవే వెళ్ళి ఒంటరిగా మాట్లాడమన్నాడు, మత్తయి 18లో. తప్పు ఎవరిదైనా బయలుదేరవలసింది మనమే.

వెళ్ళినప్పుడు ముందు మీ తప్పుల పేజీ తెరవండి. "నువ్వు బాధపడి ఉంటే క్షమించు" అనకండి, అందులో ఒప్పుకోలు లేదు. "నీకు జ్వరమని తెలిసి రాలేదు, అది నా తప్పు" అనండి. ఆ ఒక్కసారికి వాళ్ళ తప్పుల పేజీ ఎత్తకండి. వాళ్ళ తప్పు గురించి మాట్లాడవలసి ఉంటే మరో రోజు, మూడో మనిషి లేకుండా, "ప్రేమ గలిగి సత్యము" చెప్పండి. ఫోనులో సందేశంగా పంపడం మంచిది కాదు. గొంతు వినపడని చోట మెత్తని మాట కూడా కఠినంగా చదవబడుతుంది.

నేను వెళ్ళిన రోజు దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గర మరిచిపోయాను. "జ్వరం వచ్చినప్పుడు రాలేదన్నయ్యా" అన్నాను. ఆయన చాలాసేపు నా ముఖం చూసి, "లోపలికి రా, ఎండలో నిలబడకు" అన్నాడు. పంపకం అలాగే ఉంది, ఈనాటికీ మార్చలేదు. మేం మాత్రం మాట్లాడుకుంటున్నాం.

ఇక్కడ తప్పక చెప్పవలసిన మాట

మిమ్మల్ని కొడుతున్న మనిషి, బెదిరిస్తున్న మనిషి, పిల్లలకు హాని చేస్తున్న మనిషి విషయంలో ఏడో అడుగు ఒంటరిగా వేయకండి. ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి, నమ్మకమైనవారికి చెప్పండి, చట్టం సహాయం తీసుకోండి. "అన్నిటికి తాళుకొనును" అన్న వచనం చూపించి, దెబ్బలు తింటున్న మనిషిని తిరిగి అదే ఇంటికి పంపడం వాక్యాన్ని వంచడమే. దాని ముందు వచనమే, ప్రేమ దుర్నీతి విషయమై సంతోషపడదని చెబుతోంది. చెడు చేసేవాణ్ణి చెడు చేస్తూ ఉండనివ్వడం అతని ఆత్మకు కూడా మేలు కాదు.

క్షమించడం, మళ్ళీ నమ్మడం ఒకటి కావు. క్షమాపణ మీరు ఒక్కరే ఇవ్వగలరు. నమ్మకం ఇద్దరి మధ్య, కాలం మీద కట్టవలసినది. రెండో తిమోతి పత్రిక 4వ అధ్యాయంలో ఈ రెండూ దగ్గరదగ్గర వచనాల్లో ఉన్నాయి. ఒకప్పుడు పని మధ్యలో వదిలేసి వెళ్ళిన మార్కును వెంటబెట్టుకుని రమ్మని, తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు రాశాడు. అక్కడ నమ్మకం తిరిగి నిలబడింది. మూడు వచనాల తరువాత, తనకు చాలా కీడు చేసిన కంచరి అలెక్సంద్రు సంగతి ప్రభువుకే వదిలి, అతని విషయమై జాగ్రత్తగా ఉండమని తిమోతిని హెచ్చరించాడు. ప్రతీకారం కోరలేదు, గుడ్డిగా దగ్గరికీ రానివ్వలేదు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు రోమీయులకు రాస్తూ. అవతలి చేయి మీ అదుపులో లేదని ఆయనకు తెలుసు.

ఎనిమిదో అడుగు: పడిపోయినప్పుడు

పడిపోతారు. మూడో వారంలో ఏదో మాట జారుతుంది, కోపం వస్తుంది. అప్పుడు ఇది గుర్తుంచుకోండి. "త్వరగా కోపపడదు" అని రాసిన పౌలే అంతకుముందు ఇదే మార్కు విషయంలో తన తోటి సేవకుడు బర్నబాతో తీవ్రంగా వాదించి విడిపోయాడు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఆ వాదానికి లూకా వాడిన గ్రీకు పదమూ, కొరింథీ పత్రికలో "కోపపడదు" అన్నచోటి క్రియా ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆ మాట రాస్తున్నప్పుడు ఆ రోజు పౌలుకు గుర్తొచ్చి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అదే పదం హెబ్రీ పత్రికలో మంచి అర్థంతో వస్తుంది: ప్రేమ చూపడానికి ఒకనినొకడు పురికొల్పాలని. మనుషులను రేపగల శక్తి ఒకటే, ఎటు వైపు రేపుతున్నామన్నదే తేడా.

రాత్రి పడుకునే ముందు మొదటి పేజీలోని పదిహేను వరుసలు తీసి, ప్రేమ అన్నచోట మీ పేరు, ఎదుట ఆ మనిషి పేరు పెట్టి చదవండి. ఈ రోజు నేను ఆయన పట్ల సహించానా? డంబంగా ప్రవర్తించానా? ఒక్క వరుస దగ్గర ఆగినా చాలు. ఒప్పుకుని, రేపటికి సహాయం అడిగి నిద్రపోండి. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు ప్రేమను ఆత్మ ఫలమని అన్నాడు, ఫలాల్లో మొదటిదిగా లెక్కపెట్టాడు. కాయ కాయడానికి కొమ్మ చేయవలసింది చెట్టును పట్టుకుని ఉండటమే. "నా ప్రేమయందు నిలిచియుండుడి" అని ప్రభువు అన్నది కూడా ద్రాక్షావల్లి గురించి మాట్లాడుతున్నప్పుడే. అలసిపోతే విశ్రాంతి తీసుకోండి. తినడానికైనా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమని పిలిచింది ఆయనే.

ఆరు వారాలయ్యాక పేరు మార్చవచ్చు, అదే పేరుతో కొనసాగవచ్చు. నా నోటు పుస్తకంలో ఇప్పుడు అయిదో పేరు ఉంది. రెండు నెలలుగా రోజూ ఉదయం ఆ పేరుతో ప్రార్థిస్తున్నాను. రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ తలుపు తీయలేదు. వచ్చే గురువారం మళ్ళీ వెళ్తాను.